బోన్ పట్టణంలో మూడు రాత్రులు: ముందు వారాన్ని చూసుకోండి, తరవాత రైలును

ప్రశ్న: మాది విశాఖపట్నం. ఆఫీసు పనిమీద అక్టోబరులో పారిస్ వెళ్తున్నాను. పని బుధవారంతో ముగుస్తుంది, మావారు అక్కడికి వచ్చి కలుస్తారు. మంచి భోజనం, మంచి వైన్ కోసం మూడు రాత్రులు కేటాయించుకున్నాము. ఆదివారం బయలుదేరితే హోటళ్లు చవకగా దొరుకుతున్నాయి కనుక కారు అద్దెకు తీసుకుని రాన్స్‌లో ఒక రాత్రి, బోన్‌లో ఒక రాత్రి, లియాన్‌లో ఒక రాత్రి ఉండి బుధవారం తిరిగి రావాలనుకుంటున్నాము. నేను గుడ్డు తింటాను గాని మాంసం, చేప ముట్టను. వైన్ ఒకటి రెండు గుక్కలు మించి తాగను. మావారు గొడ్డుమాంసం తప్ప అన్నీ తింటారు, వైన్ అంటే ఇష్టం గాని దాని గురించి పెద్దగా తెలియదు. ఇద్దరికీ ఫ్రెంచి రాదు. మా ఏర్పాటు సరైనదేనా? నాకు అక్కడ తిండి దొరుకుతుందా? తిరిగి వచ్చేటప్పుడు మరిదిగారికి రెండు సీసాలు తేవచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం:

అమ్మా, మీరు ఎంచుకున్న మూడు ఊళ్లూ మంచివే. అయితే మూడు రాత్రులలో మూడింటినీ చుట్టాలంటే, భోజనం కోసం పెట్టుకున్న ప్రయాణంలో భోజనానికే తీరిక ఉండదు. ఉదయం సామాను సర్దుకోవడం, మధ్యాహ్నం రహదారి మీద గడపడం, సాయంత్రం కొత్త ఊళ్లో పార్కింగ్ వెతుక్కోవడం, ఇంతలోనే రోజు గడిచిపోతుంది. రాన్స్‌ను పారిస్ నుంచి రైలులో ముప్పావు గంటలో చేరవచ్చు కనుక దాన్ని మరోసారి ఒక పగటి ప్రయాణంగా చూసుకోండి. లియాన్ పెద్ద నగరం, దానికి విడిగా నాలుగు రోజులు ఉండాలి. మూడు రాత్రులూ బోన్‌లోనే ఉండమని నా సలహా.

బోన్ ఫ్రాన్స్‌లో వైన్‌కు పేరుపడ్డ బర్గండీ ప్రాంతంలో, డిజోన్ నగరానికి దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న పట్టణం. జనాభా ఇరవై వేలకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. పాత కోటగోడల లోపలి ఊరిని ఈ చివరి నుంచి ఆ చివరికి పావుగంటలో నడిచేయవచ్చు. ఆ గోడల కిందా, ఇళ్ల కిందా వైన్ నిలవచేసే నేలమాళిగలు వ్యాపించి ఉన్నాయి. ఊరు దాటి పడమటికి కాస్త నడిస్తే ద్రాక్షతోటల వాలు మొదలవుతుంది. తోట, నేలమాళిగ, సంత, భోజనపుబల్ల, నాలుగూ కాలినడక దూరంలోనే ఉండటం వల్ల మీవంటి వారికి ఇంతకన్నా అనువైన ఊరిని నేను చెప్పలేను.

ఇప్పుడు మీ ఏర్పాటులో అన్నిటికన్నా ముందు మార్చవలసిన విషయానికి వస్తాను. అది ఊళ్ల సంఖ్య కూడా కాదు, వారంలో ఏ రోజులలో వెళ్తారన్నది. ఫ్రాన్స్‌లోని చిన్న పట్టణాలలో మంచి భోజనశాలలు వారానికి రెండు రోజులైనా మూసి ఉంటాయి. ఎక్కువగా ఆదివారం సాయంత్రం, సోమవారం మూస్తారు. కొన్ని మంగళ, బుధవారాలలో మూస్తాయి. వైన్ తయారీదారులలో చాలామంది ఆదివారం సందర్శకులను రానివ్వరు. బోన్‌లో పెద్ద సంత శనివారం ఉదయం జరుగుతుంది, బుధవారం ఉదయం జరిగేది చిన్నది. మీరు ఆదివారం బయలుదేరి బుధవారం తిరిగివస్తే, ఊరు విశ్రాంతి తీసుకునే రోజులలో వెళ్లి, సంత మొదలయ్యే పూట బయటికి వచ్చేసినట్లవుతుంది. హోటలు గదులు ఆ రోజులలో చవకగా ఉండటానికి ఇదీ ఒక కారణమే. మీ పని బుధవారంతో ముగుస్తోంది కదా, గురువారం మధ్యాహ్నం బయలుదేరి ఆదివారం సాయంత్రానికి పారిస్ చేరేలా పెట్టుకోండి. శుక్రవారం నేలమాళిగకు, శనివారం సంతకు, ఆదివారం ఉదయం తోటలకు సరిపోతాయి. గదికి కొంత ఎక్కువ ఖర్చయినా, ఆ ఖర్చు మీరు తినే ప్రతి పూటలోనూ తిరిగి వస్తుంది.

కారు వద్దు. రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల మద్యం మించితే అక్కడ బండి నడపరాదు, కొత్తగా లైసెన్సు పొందినవారికి ఆ పరిమితి 0.2 మాత్రమే. పోలీసు తనిఖీలు మామూలే. వైన్ రుచి చూడటానికే వెళ్తున్న మీవారు స్టీరింగు పట్టుకుంటే ఆయనకు రుచి లేదు, మీరు పట్టుకుంటే మీకు విశ్రాంతి లేదు. పారిస్‌లోని గార్ ద లియోఁ స్టేషన్ నుంచి డిజోన్‌కు తే జె వే (TGV) అనే అతివేగపు రైలులో గంటన్నర దాటి కొద్ది నిమిషాలు పడుతుంది. అక్కడ ప్రాంతీయ రైలు మారితే ఇరవై నిమిషాలకు పైచిలుకులో బోన్ చేరతారు. స్టేషన్ నుంచి పాత ఊరికి నడిచే పోవచ్చు. తే జె వే టికెట్టు ఎంత ముందుగా కొంటే అంత తక్కువకు వస్తుంది. ప్రాంతీయ రైలుకు మాత్రం ఆ తొందర అక్కరలేదు.

ఇక భోజనాలు. రోజుకు ఒక్క పెద్ద భోజనమే పెట్టుకోండి, అది మధ్యాహ్నం తినండి. అదే వంటగదిలో అదే వంటవాడు చేసిన భోజనం, మధ్యాహ్నం రెండు మూడు వంటకాల కలగలుపు ధరకు, రాత్రికన్నా చాలా తక్కువకు దొరుకుతుంది. దానిని ఫార్మూల్ అనో, మెన్యూ అనో పలకమీద రాసి పెడతారు. అయితే వేళలను గట్టిగా పాటించాలి. పన్నెండు గంటలకు తలుపులు తెరిచి, ఒంటిగంటన్నర దాటాక వచ్చినవారిని చాలాచోట్ల లోపలికి రానివ్వరు. రాత్రి భోజనం ఏడు, ఏడున్నరకు ముందు మొదలుకాదు. మన ఊళ్లోలాగా నాలుగు గంటలకు ఆకలేస్తే ఏదో ఒకటి దొరుకుతుందనుకోకండి, ఆ వేళకు బేకరీ ఒక్కటే శరణ్యం. గురు, శుక్ర, శనివారాల భోజనాలకు కనీసం రెండు వారాల ముందు బల్ల రిజర్వు చేసుకోండి. వడ్డనకు ఇవ్వవలసిన సొమ్ము బిల్లులోనే కలిసి ఉంటుంది, రొట్టెకు విడిగా తీసుకోరు. కుళాయి నీళ్లు కావాలంటే కరాఫ్ దో అని అడగండి, ఉచితంగా తెచ్చి పెడతారు.

మీ శాకాహారం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే బర్గండీ వంట మాంసం చుట్టూ, వైన్ చుట్టూ పెరిగిన వంట. దొరకదని భయపడనక్కరలేదు గాని, పేరు చూసి మోసపోయే అవకాశం ఉంది. ఉదాహరణకు, అక్కడ అందరూ చెప్పుకునే గుడ్ల వంటకం ఒకటుంది. ఎర్ర వైన్‌తో కాచిన చిక్కని సాస్‌లో, నీళ్లలో ఉడికించిన గుడ్లను వేసి ఇస్తారు, దానిని మెరెట్ అంటారు. గుడ్డే కదా అని మీరు తెప్పించుకుంటే, ఆ సాస్‌లో లార్దోఁ అనే పందిమాంసపు చిన్న ముక్కలు ఉంటాయి, కాచేటప్పుడు మాంసపు రసం కూడా పోస్తారు. ఉల్లిపాయల సూప్ పరిస్థితీ అదే, దాని అడుగున సాధారణంగా గొడ్డుమాంసపు రసమే ఉంటుంది. కూరగాయల సలాడు మీద కూడా లార్దోఁ చల్లి తెస్తారు. అందువల్ల బల్ల దగ్గర కూర్చున్నాక అడగడం కన్నా, రిజర్వు చేసేటప్పుడే రాసి చెప్పడం మేలు. ‘సాఁ వియాంద్, సాఁ ప్వాసోఁ, సాఁ లార్దోఁ, సాఁ బుయోఁ ద వియాంద్’ అంటే మాంసం, చేప, పందిమాంసపు ముక్కలు, మాంసపు రసం ఏవీ వద్దని అర్థం. గుడ్లు, పాలు తింటానని కూడా అదే ఉత్తరంలో చెప్పండి, ఆ ఒక్క మాటతో వంటవాడికి ఎంతో వీలు దొరుకుతుంది. ముందుగా తెలిస్తే వారు నిజంగా శ్రద్ధ పెట్టి వండుతారు. అక్టోబరులో పుట్టగొడుగులు, గుమ్మడి, చెస్ట్‌నట్లు సంతలోకి వస్తాయి కనుక మీరు వెళ్లే కాలం కూడా మీకు అనుకూలమే.

మీరు తప్పకుండా రుచి చూడవలసినది గుజేర్. గుడ్లు, వెన్న, పిండి కలిపి, అందులో కోంతే అనే చీజ్ తురిమి వేసి, గుండ్రంగా పొంగేలా కాల్చిన చిన్న చిరుతిండి ఇది. వేడిగా ఉన్నప్పుడు పై పొర కరకరలాడుతుంది, లోపల దాదాపు బోలుగా, మెత్తగా ఉంటుంది. బేకరీలలో దొరుకుతుంది, వైన్ బార్లలో గ్లాసు పక్కన పెడతారు. రాత్రిపూట నాలుగు గుజేర్లు, ఒక చీజ్ పళ్లెం, ఒక సలాడు ఉంటే ఆ పూట గడిచిపోతుంది. చీజ్ విషయంలో ఒక్క సంగతి మాత్రం మీరే నిర్ణయించుకోవాలి. సంప్రదాయ పద్ధతిలో చేసే చీజ్‌లలో చాలావాటికి పాలు విరవడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. అది మీకు పట్టింపు అయితే, కొనేముందు ‘ప్రెజ్యూర్ వెజెటాల్’, అంటే మొక్కల నుంచి తీసిన రెన్నెట్, ఉన్నది కావాలని అడగండి.

మీవారికి ఇబ్బంది లేదు. ఆ ప్రాంతపు పేరుతో లోకమంతా తెలిసిన కూర గొడ్డుమాంసంతో చేసేదే గనుక అది ఆయనకు పనికిరాదు. మెనూలో బఫ్ అని గాని, వో అని గాని కనిపిస్తే వదిలేయమనండి, మొదటిది గొడ్డుమాంసం, రెండోది దూడమాంసం. వాటికి బదులు ఎర్ర వైన్‌లో నెమ్మదిగా ఉడికించిన కోడి, కొక్ ఓ వాఁ, ఉంది. ఆవాలు, కోంతే చీజ్ కలిపిన సాస్‌లో కాల్చిన కోడి ఉంది, దానిని డిజోన్ మేయర్‌గా పనిచేసిన గాస్తోఁ జెరార్ పేరుతో పిలుస్తారు. పక్క ప్రాంతమైన బ్రెస్ కోళ్లకు 1957 నుంచి చట్టపరమైన రక్షణ ఉంది, మెనూలో ఆ పేరు కనబడితే ధర ఎక్కువైనా ఒకసారి తినదగినదే. వెల్లుల్లి, పార్స్‌లీ, వెన్నతో కాల్చిన నత్తలు ఆయన ధైర్యాన్ని బట్టి.

ఆవాల మాట వచ్చింది గనుక చెప్తున్నాను, బోన్‌లో 1840 నుంచి నడుస్తున్న ఫాలో ఆవముద్ద మిల్లు ఉంది. రాతి తిరుగళ్లతో ఆవాలు నూరే పద్ధతిని అక్కడ చూపిస్తారు, ముందుగా సమయం తీసుకుని వెళ్లాలి. మనం ఆవ పెట్టిన కూరకు ఆవాలను నీళ్లతో నూరితేనే ఘాటు లేచినట్లు, వారు తెల్ల వైన్‌తోనో వెనిగర్‌తోనో నూరితేనే ఆ ఘాటు పుడుతుంది. వేడెక్కితే ఘాటు చచ్చిపోతుంది కనుక తిరుగలిని నెమ్మదిగా తిప్పుతారు. ఫ్రాన్స్ వాడే ఆవాలలో ఎక్కువ భాగం కెనడా నుంచి వస్తాయి, 2021లో అక్కడ కరవు రావడంతో 2022లో ఫ్రెంచి దుకాణాలలో ఆవముద్ద సీసాల అరలు ఖాళీ అయ్యాయి. బర్గండీలోనే పండిన ఆవాలతో, అక్కడి తెల్ల వైన్‌తో చేసిన దానిని ‘ముతార్ద్ ద బుర్గోన్య్’ (బర్గండీ ఆవముద్ద) అని విడిగా అమ్ముతారు. కొంటే అదే కొనండి.

వైన్ గురించి తెలియదని మీరు సంకోచించనక్కరలేదు. బోన్‌కు వెళ్లేముందు ఒక్క విషయం అర్థం చేసుకుంటే మిగతాది అక్కడే అర్థమవుతుంది. బర్గండీలో ఎరుపుకు పినో న్వార్, తెలుపుకు షార్డొనే, దాదాపుగా ఈ రెండే ద్రాక్ష రకాలు. 1395లో బర్గండీ ప్రభువు ఫిలిప్, గామే అనే ద్రాక్షను తోటలలోంచి పీకివేయమని ఆజ్ఞ జారీ చేసిన నాటి నుంచి పినోకే అక్కడ పెద్దపీట. రకం ఒకటే అయినప్పుడు రుచిలో తేడా నేల నుంచి వస్తుంది. ఒక వాలు మీదే, పైన పలచని రాతినేల, కింద నీళ్లు నిలిచే బరువైన మన్ను, మధ్యలో సున్నపురాయి, బంకమన్ను కలిసిన నేల. మేలైన మడులు ఎక్కువగా ఆ నడుమనే ఉంటాయి. తరతరాలుగా పేరు పెట్టి, హద్దులు గీసిన ఇటువంటి మడిని క్లీమా అంటారు. బోన్ నుంచి డిజోన్ వైపూ, దక్షిణానికీ సాగే ఆ వాలు మీద ఇవి 1,247 ఉన్నాయి, 2015లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. సీసా మీద ప్రాంతం పేరు మాత్రమే ఉంటే మొదటి మెట్టు, ఊరి పేరు ఉంటే రెండో మెట్టు, ప్రమియే క్రూ అని ఉంటే మూడోది, గ్రాఁ క్రూ అన్నిటికన్నా పైది.

రోజుకు ఒక్క తయారీదారు దగ్గరికే వెళ్లండి. రెండోచోట నాలుక అలిసిపోతుంది, మూడోచోట ఏదీ గుర్తుండదు. ముందుగా రాసి సమయం తీసుకోకుండా తలుపు తట్టకండి. అక్టోబరు నాటికి కోత అయిపోయినా రసం ఇంకా పులుస్తూ ఉంటుంది, పనివారు తీరికగా ఉండరు. కొందరు వీలుకాదంటారు, దానిని మర్యాదలోపంగా భావించకండి. చిన్న కుటుంబాల వారిని నలుగురైదుగురిని అడిగితే ఒకరైనా ఒప్పుకుంటారు, ఇంగ్లీషు మాట్లాడగలరా, రుసుము ఉందా అని కూడా అదే ఉత్తరంలో అడగండి. ఎవరూ కుదరకపోతే, సందర్శకుల కోసమే తెరిచి ఉంచే వ్యాపారుల నేలమాళిగలు ఊళ్లోనే ఉన్నాయి.

లోపలికి దిగేటప్పుడు పైన ఎండగా ఉన్నా స్వెట్టరు వెంట ఉంచుకోండి, నేలమాళిగ ఏడాది పొడవునా పన్నెండు డిగ్రీల దగ్గరలో, తడిగా ఉంటుంది. తయారీదారు పీపా మూత తీసి, పొడవైన గాజు గొట్టాన్ని దించి, పైన బొటనవేలితో మూసి వైన్‌ను పైకి లాగి, మీ గ్లాసులలో రెండు వేళ్ల లోతు కూడా కాకుండా వదులుతాడు. రంగు చూసి, గ్లాసు తిప్పి వాసన చూసి, ఒక గుక్క నోట్లో నిలిపి, పక్కనున్న తొట్టిలో ఉమ్మేయాలి. ఉమ్మడం అక్కడ అమర్యాద కాదు, పని తెలిసినవారందరూ చేసేదే. ఎక్కువ తాగని మీకు ఆ పద్ధతి మరీ అనుకూలం. చాలాచోట్ల ఎర్రవి ముందు పోసి తెల్లవి తరవాత పోస్తారు, ఆశ్చర్యపోకండి. ఏమి మాట్లాడాలో తెలియకపోతే, ఒకే సంవత్సరపు రెండు పక్కపక్క మడుల వైన్‌లను వరసగా పోయమని అడగండి. ఏ నేలదో చెప్పాక మళ్లీ తాగి చూస్తే, మీవారికి ఆ తేడా పుస్తకం చదవకుండానే తెలిసిపోతుంది. రుచి చూశాక నచ్చినది ఒకటి రెండు సీసాలు కొనడం మర్యాద.

సాయంత్రం మీరు కిర్ అడగవచ్చు. అలిగొతే అనే తెల్ల వైన్‌లో కస్సీస్ అనే చిన్న నల్ల పండ్లతో చేసిన తియ్యని మద్యం కొద్దిగా కలిపిన పానీయం ఇది. 1945 నుంచి 1968 వరకు డిజోన్ మేయర్‌గా ఉన్న మతాచార్యుడు ఫెలిక్స్ కిర్ తన అతిథులకు ఇదే పోయించేవాడు కనుక ఆ పేరు నిలిచింది. తియ్యగా ఉంటుంది గనుక వైన్ పులుపు నచ్చనివారికీ నచ్చుతుంది.

శుక్రవారం మధ్యాహ్న భోజనం తరవాత ఓతెల్ ద్యూకు వెళ్లండి. రంగురంగుల మెరుగు పెంకులతో అల్లిన కప్పు ఉన్న ఈ ఆసుపత్రిని 1443లో బర్గండీ ప్రభువు దగ్గర ఛాన్సలర్‌గా ఉన్న నికొలా రొలాఁ, ఆయన భార్య గిగోన్ ద సలాఁ పేదల కోసం కట్టించారు. 1971 దాకా అందులో రోగులు ఉన్నారు. పొడవైన హాలులో రెండు వరసలుగా ఎర్ర తెరల మంచాలు, రోజియె వాన్ దర్ వైదెన్ గీసిన అంతిమ తీర్పు చిత్రం చూడవలసినవి. దీనికీ మీ వైన్‌కూ నేరుగా సంబంధం ఉంది. శతాబ్దాలుగా దాతలు ఈ ఆసుపత్రికి రాసి ఇచ్చిన ద్రాక్షతోటలు నేటికి సుమారు 60 హెక్టార్లు ఉన్నాయి, వాటి వైన్‌ను 1859 నుంచి వేలం వేస్తున్నారు. ఆ వేలం నవంబరు మూడో ఆదివారం జరుగుతుంది. ఆ వారాంతంలో గదులు దొరకవు, దొరికినా ధరలు మండిపోతాయి కనుక మీ ప్రయాణం నవంబరుకు జరిగితే ఆ తేదీని తప్పించండి.

శనివారం ఉదయం తొమ్మిదికల్లా సంతలో ఉండండి, పదకొండు దాటితే నడవడానికి సందు ఉండదు. అక్కడ ఎప్వాస్ అనే చీజ్ గుండ్రని చెక్కపెట్టెలో ఉంటుంది. ద్రాక్షపిప్పితో కాచిన మార్క్ అనే సారాతో దాని పై పొరను మళ్లీ మళ్లీ తుడుస్తారు, అందువల్ల పైన నారింజరంగు, లోపల చెంచాతో తీసుకునేంత మెత్తదనం వస్తాయి. వాసన ఘాటైనది, హోటలు గదిలో తెరవకండి. రొట్టె, చీజ్, ద్రాక్షపండ్లు కొనుక్కుని ఆ మధ్యాహ్నం కోటగోడల పక్కన తినడం భోజనశాల భోజనానికి ఏమీ తీసిపోదు.

ఆదివారం ఉదయం విద్యుత్ సైకిళ్లు అద్దెకు తీసుకుని తోటల మధ్య దారిలో పొమ్మార్, వొల్నే అనే ఊళ్ల మీదుగా మెర్సో వరకు వెళ్లి రండి. మీరు రుచి చూసిన వాలు అంతా ఈ దారిలో కళ్లముందు పరిచినట్లు కనబడుతుంది. ఫ్రాన్స్‌లో తాగి సైకిలు తొక్కినా శిక్ష ఉంది కనుక వైన్‌ను ఆ పూటకు వదిలేయండి. తిరిగి వచ్చి ఒంటిగంటకు ముందే భోజనానికి కూర్చుని, సాయంత్రం నాలుగు తరవాతి రైలు అందుకోవచ్చు.

మరిదిగారి సీసాల సంగతి. భారతదేశానికి తిరిగి వచ్చే ఒక్కొక్క ప్రయాణికుడు 2 లీటర్ల వరకు మద్యం సుంకం లేకుండా తేవచ్చు. మామూలు సీసా 750 మిల్లీలీటర్లు కనుక మీరు ఇద్దరూ కలిసి నాలుగు తేవచ్చు. వాటిని చేతిసంచిలో విమానంలోకి రానివ్వరు, చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి. పేరున్న పొమ్మార్, మెర్సో సీసాలకు మీ బడ్జెట్టు చాలకపోతే సవిన్యీ, సాఁ రొమాఁ, మోంతెలీ వంటి పక్క ఊళ్ల పేర్లున్నవి అడగండి, అవే కొండల వైన్ తక్కువ ధరకు వస్తుంది. కొన్న దుకాణంలోనే గాలి నింపిన సంచీలో గాని, అట్టపెట్టెలో గాని కట్టించుకుని, పెట్టె నడుమ బట్టలు చుట్టి నిలువుగా కాకుండా పడుకోబెట్టండి. బిల్లు మాత్రం చేతిసంచిలో ఉంచుకోండి, కస్టమ్స్ వారు అడిగితే చూపించవలసి వస్తుంది.